భీముని కొలను మెట్లపై సంకల్పవిచారం

శ్రీశైల మల్లికార్జునస్వామి దర్శనార్థం అరణ్యమార్గాన కాలినడకన బయలుదేరిన భక్తుడు నడుమ ఆగిపోతే అతని సంకల్పం భంగమైనట్లా? ప్రతి మహాశివరాత్రికి, ప్రతి ఉగాదికి ముందు నల్లమల దారిలో ఎవరో ఒకరి నోట ఈ ప్రశ్న వినబడుతూనే ఉంటుంది. సమాధానం మాత్రం చాలా తొందరగా చెప్పేస్తున్నారు. మొక్కు చెడింది, అపచారం జరిగింది అని ఒకరు. దేవుడు భావాన్ని చూస్తాడు, నడకదేముంది అని మరొకరు. మొదటివారికి శాస్త్రం తెలియదు. రెండవవారికి ఆ దారి తెలియదు.

ముందు దారి సంగతి. శ్రీశైలానికి నాలుగు ద్వారక్షేత్రాలు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. నేడు అధికసంఖ్యాకులు ఘాట్ రోడ్డున బస్సులలోను, కార్లలోను వస్తున్నారు. కానీ ఆత్మకూరు సమీపంలోని వెంకటాపురం నుండి నల్లమల గుండా సాగే పాత కాలిబాట ఇంకా సజీవంగానే ఉంది. వెంకటాపురం, నాగలూటి, దామర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం, ఆపైన హటకేశ్వరం, చివరకు స్వామి సన్నిధి. మొత్తం మీద 40 కిలోమీటర్ల పైమాటే. పద్నాలుగవ శతాబ్దంలో రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించిన కీర్తిని పొందాడు. 1830లో చెన్నపట్టణం నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు తమ కాశీయాత్రాచరిత్రలో ఈ అడవిదారిని ప్రస్తావించారు. అంతకు చాలాకాలం ముందే పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణాన్ని సంపూర్ణంగా ఈ పర్వతానికే కేటాయించాడు. కనుక ఇది ఎవరో ఇటీవల కనిపెట్టిన సాహసయాత్ర కాదు. కొన్ని వందల సంవత్సరాల పాదాలు అరగదీసిన రాళ్ళు ఇవి.

వెంకటాపురం నుండి నాగలూటి వరకు దారి అంత కష్టపెట్టదు. తెల్లవారుజామున బయలుదేరినవాడికి చలిగాలి, సహయాత్రికుల భజన, ఉత్సాహం తోడుంటాయి. శివరాత్రి నాటికి మోదుగచెట్లు ఆకు రాల్చి ఎర్రగా పూచి ఉంటాయి. నాగలూటి వీరభద్రస్వామికి నమస్కరించి పాత మెట్లు ఎక్కడం మొదలుపెట్టినప్పటి నుండి యాత్ర తన స్వరూపాన్ని చూపిస్తుంది. మద్దిచెట్లు, తునికిచెట్లు, వెదురుపొదలు. నీడ ఉన్నట్లే ఉంటుంది, ఆకు లేని కొమ్మ కనుక నీడ ఉండదు. పెద్దచెరువు చేరేసరికి మొదటిరోజు ముగుస్తుంది. ఆ చెరువుగట్టున చెంచుగూడెం ఉంది. రాత్రికి వేలాదిమంది అక్కడే నేలమీద పడుకుంటారు. నిద్ర పట్టదు. పిక్కలు పట్టేస్తాయి, అరికాళ్ళలో బొబ్బలు మండుతాయి, పక్కన ఎవరో పిల్లవాడు ఏడుస్తుంటాడు. రేపు నడవగలనా అనే ప్రశ్న భక్తునికి మొట్టమొదట నిజంగా పుట్టేది ఆ రాత్రే.

మరునాడు మఠంబావి దాటిన తరువాత దారి ఒక్కసారిగా లోయలోకి దిగుతుంది. అదే భీముని కొలను. వనవాసకాలంలో ద్రౌపది దప్పిక తీర్చడానికి భీముడు గదతో కొట్టి నీరు రప్పించాడని స్థలగాథ. అటూ ఇటూ నిలువెత్తు శిలాభిత్తులు, నడుమ ఇరుకు మెట్లు. దిగేటప్పుడు మోకాళ్ళు వణుకుతాయి. దిగినంత లోతూ మళ్ళీ ఎక్కాలి. ఆ ఎక్కుడులో, ఎండ రాతికి తగిలి రాయి కాలికి తగిలే ఆ వేళలో, యాత్రికుల నోటి వెంట ఒక కేక వస్తుంది: "చేదుకో మల్లన్నా!"

ఈ కేకలోని క్రియాపదాన్ని భక్తులు ఒక్కసారి నిదానించి చూడాలి. రక్షించు అనడం లేదు, కరుణించు అనడం లేదు. చేదుకో అంటున్నారు. చేదడం అంటే బావిలోని నీటిని చేదతో పైకి లాగడం. లోయ అడుగున ఉన్న భక్తుడు తాను బావిలోని కడవనని, తాడు పైనున్నవాడి చేతిలో ఉన్నదని చెప్పుకుంటున్నాడు. కడవ తనంతట తాను పైకి రాదు. అయితే తాడుకు కట్టుబడి ఉండడం దాని పని. శరణాగతి గురించి గ్రంథాలలో ఎంతో చర్చ ఉంది. మర్కటకిశోర న్యాయమా, మార్జాలకిశోర న్యాయమా అని శ్రీవైష్ణవ ఆచార్యుల మధ్య భేదం ఏర్పడింది. అక్షరం రాని పల్లెభక్తుడు భీముని కొలను మెట్లపై చెమట తుడుచుకుంటూ ఆ వివాదంలోకి వెళ్ళకుండానే తన సిద్ధాంతాన్ని ఒక్క మాటలో స్థాపించుకున్నాడు.

ఇక విషయంలోకి వద్దాం.

గడచిన ఒక శివరాత్రి ముందు కర్నూలు ప్రాంతపు రైతుదంపతులు ఈ మార్గాన బయలుదేరారు. ఇద్దరూ అరవైకి అటూ ఇటూ వయస్సువారు. కుమారునికి ప్రాణాపాయం తప్పితే నడిచి వచ్చి దర్శించుకుంటామని ఇద్దరూ కలిసి మొక్కుకున్నారు. కుమారుడు కోలుకున్నాడు. పెద్దచెరువు వరకు బాగానే నడిచారు. మరునాడు మఠంబావి దగ్గర ఆ ఇల్లాలు కళ్ళు తిరిగి పడిపోయింది. లేపి కూర్చోబెడితే కుడిమోకాలు మడవలేకపోయింది. వెంట వచ్చిన మరిది కొడుకు, ఒక చెంచు యువకుడు కలిసి ఆమెను వెనుకకు మోసుకుని వైద్యశిబిరానికి చేర్చారు.

ఆమె భర్తతో, "నువ్వు పో. నేను ఈడ్నే ఉంటా. మొక్కు సెడిపోతాది" అన్నది. "పెద్దనాయనా, నువ్వు పోయి రా, పెద్దమ్మ కాడ నేనుంటా" అన్నాడు ఆ కుర్రవాడు. ఆయన మాత్రం కదలలేదు. "దీన్ని ఈడ ఇడ్సిపెట్టి పోయి, మల్లన్నకు యా మొగం సూపించుకునేది?" అని మాత్రం అన్నాడు. సాయంత్రానికి జీపులో భార్యతో పాటు శ్రీశైలం చేరాడు. దర్శనం అయింది. కానీ అదే ఊరినుండి నడిచివచ్చిన బృందం వారు అతన్ని మందలించారు. భార్యకు తోడు మనిషి ఉన్నప్పుడు ఆగవలసిన పని లేదనీ, మొక్కుకున్నవాడు మార్గమధ్యంలో వాహనమెక్కితే మొక్కు తీరదనీ, మీదుమిక్కిలి దోషమనీ అన్నారు. ధ్వజస్తంభం దగ్గర నిలబడి ఆ రైతు అడిగిన ప్రశ్న ఒక్కటే: నా మొక్కు తీరినట్టా, తీరనట్టా?

ఆ బృందం వారు చెప్పిన మాటకు ఆధారం లేకపోలేదు. దాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. తీర్థయాత్రా ప్రకరణాలలో నిబంధకారులు ఒక లెక్క చెప్పారు. వాహనం మీద వెళితే ఫలంలో సగం పోతుంది, గొడుగు, పాదరక్షలు అందులో సగాన్ని హరిస్తాయి, యాత్రలో వ్యాపారం చేస్తే ముప్పాతిక పోతుంది, దానం పట్టితే మొత్తం పోతుంది. మొదటి రెండింటినీ అందరూ ఉదాహరిస్తారు. చివరి రెండింటినీ పలికేవారు అరుదు. దానం పడితే మొత్తం పోతుందన్న మాట క్షేత్రంలో ఉన్న అర్చకులు కూడా కొంచెం ఆలోచించవలసినదే. ఏమైనా, నడకకు విశేషఫలం ఉన్నదని శాస్త్రం అంటున్నది. అది స్పష్టం.

మీమాంసకుల మాట ఇంకా కఠినం. నిత్యకర్మను శక్తికి లోబడి చేసినా చెల్లుతుంది. సంధ్యావందనం జ్వరంతో ఉన్నవాడు క్లుప్తంగా చేసినా చేసినట్లే. కామ్యకర్మ అలా కాదు. ఫలాన్ని కోరి చేసే కర్మను సర్వాంగాలతోనూ చేయగలిగినవాడే చేయాలి. అంతేకాదు, ఆరంభించిన కామ్యకర్మను ముగించే తీరాలి, ఫలం మీద కోరిక చల్లారినా సరే. జైమిని మహర్షి సూత్రాలలో ఆరవ అధ్యాయం ఈ విచారణకే నెలవు. మొక్కు అన్నది కామ్యం కాక మరేమిటి? కనుక ఆ రైతును మందలించినవారు తెలియకుండానే మీమాంసకుల పక్షాన నిలబడ్డారు. దేవుడు భావం చూస్తాడులే అని భుజం తట్టి పంపడం ఈ ఆక్షేపానికి సమాధానం కాదు. మాట ఇచ్చినవాడికి తన మాట బరువు తెలుసు. ఆ బరువును తేలిక చేసి చెప్పడం అతన్ని గౌరవించడం కాదు.

అయితే సమాధానం సంకల్పంలోనే ఉంది. ప్రతి గృహస్థుడు ప్రతి పూజకు ముందు చెప్పే సంకల్పవాక్యాన్ని వినిపించుకుంటే చాలు. దేశకాలాలు చెప్పిన తరువాత గోత్రనామాలు చెబుతారు. ఆ వెంటనే గృహస్థుడైతే ధర్మపత్నీసమేతస్య అంటారు. ఆపైన సహకుటుంబానాం అంటారు. చివరకు యథాశక్తి అనే పదం వస్తుంది. ఈ మూడు పదాలు అలంకారం కోసం పెట్టినవి కావు. కర్త ఎవరో మొదటిది నిర్ణయిస్తుంది. ఫలం ఎవరిదో రెండవది నిర్ణయిస్తుంది. పరిమాణం ఎంతో మూడవది నిర్ణయిస్తుంది. దంపతులు కలిసి మొక్కుకున్నప్పుడు కర్త ఒక్కరు కారు. భార్యను మఠంబావి దగ్గరో, పెద్దచెరువు దగ్గరో దింపి, మిగిలిన దారిని భర్త ఒంటరిగా నడిస్తే నడక పూర్తవుతుంది, సంకల్పం చేసిన కర్త మాత్రం గమ్యానికి చేరడు. ఆ రైతు వేదం చదువుకోలేదు. కానీ ఏ ముఖం చూపించేది అన్న అతని మాటలో ధర్మపత్నీసమేతస్య అనే పదానికి భాష్యం ఉంది.

యథాశక్తి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఈ పదాన్ని బద్ధకానికి కవచంగా వాడుకోవడం మనకు బాగా అలవాటు. శక్తిమేరకు అంటే సౌకర్యం మేరకు కాదు. శక్తి ఎంతవరకు ఉన్నదో ఇంట్లో సోఫాలో కూర్చుని తెలుసుకోలేరు. భీముని కొలను దారిలోనే తెలుస్తుంది. ఆ ఇల్లాలు 25 కిలోమీటర్లకు పైగా అడవిదారిలో నడిచి, కళ్ళు తిరిగి పడేవరకు నడిచి, తన శక్తి అవధిని ముట్టుకుంది. ఆమె విషయంలో యథాశక్తి అనే పదం సంపూర్ణంగా సార్థకమైంది. అదే పదాన్ని, నడవగలిగి ఉండి నాగలూటిలోనే ఫోటోలు తీసుకుని వెనుదిరిగినవాడికి వర్తింపజేయడం కుదరదు.

మరి కామ్యకర్మను ముగించాలి కదా అన్న ఆక్షేపం మిగిలే ఉంది. ముగించాలి. కాదనడానికి లేదు. కానీ ఈ శివరాత్రికే, ఈ ప్రయాణంలోనే నడిచి తీరుతామని ఆ దంపతులు అనలేదు. నడిచి వచ్చి దర్శించుకుంటాం అన్నారు. కాలాన్ని నియమించని మొక్కుకు కాలం ఇంకా మిగిలే ఉంటుంది. కనుక ఆ రైతు ప్రశ్నకు సరైన జవాబు తీరింది అనీ కాదు, చెడింది అనీ కాదు. ఇంకా నడుస్తున్నది అని. శరీరం సహకరించిన మరొక పర్వానికి మిగిలిన నడక నడవవచ్చు. ఆమె ఇక ఎన్నటికీ నడవలేకపోతే ఆమె శక్తి అవధి అంతే అని గ్రహించి, భర్త ఆమె అనుమతితో నడవవచ్చు. ఆనాడు అతను ఆమెను విడిచి వెళ్ళినట్లు కాదు, ఆమె పంపగా వెళ్ళినట్లు. పైకి చూస్తే రెండూ ఒకటే నడక. పడి ఉన్న మనిషి, పక్కన నీరు లేని వేళ, మొక్కు చెడుతుందన్న భయంతో పొమ్మనడం అనుమతి కాదు. కోలుకుని, ఇంట్లో కూర్చుని, ఆలోచించి పొమ్మనడం అనుమతి.

ఈ సందర్భంలో తరచుగా వినబడే మరొక పదం ఉంది. నడక గురించి మాట్లాడే ప్రతివారూ చరైవేతి అంటారు. నడుస్తూనే ఉండు అని అర్థం. చొక్కాలమీద కూడా అచ్చు వేయించుకుంటున్నారు. ఐతరేయ బ్రాహ్మణంలో అది ఎవరు ఎవరితో అన్న మాటో గుర్తున్నవారు తక్కువ. హరిశ్చంద్రుడు పుత్రుడు కలిగితే వరుణునికి అర్పిస్తానని మొక్కాడు. రోహితుడు పుట్టాడు. తండ్రి వాయిదాలు వేస్తూ వచ్చాడు. చివరకు కొడుకు విల్లు పట్టుకుని అడవికి పారిపోయాడు. తండ్రికి జలోదరం వచ్చింది. ఆ వార్త విని రోహితుడు ఊరికి తిరిగి వస్తుండగా ఇంద్రుడు మనుష్యరూపంలో ఎదురై, నడుస్తూనే ఉండు అని అతన్ని అడవికి మళ్ళించాడు. అలా సంవత్సరం తరువాత సంవత్సరం జరిగింది. ఇంద్రుని మాటలో నడకకు గొప్ప స్తోత్రం ఉంది, నిజమే. కానీ ఆ స్తోత్రం జరుగుతున్నంతసేపూ ఇంట్లో ఒక తండ్రి పొట్ట ఉబ్బి మంచం మీద ఉన్నాడు. చివరకు రోహితుడు నూరు గోవులిచ్చి అజీగర్తుని కుమారుడు శునఃశేపుని తనకు బదులుగా కొన్నాడు. ఈ ఉపాఖ్యానాన్ని రాజసూయంలో వినిపించాలని విధి. ఎందుకు వినిపించాలో పెద్దలు పలురకాలుగా చెప్పారు. కానీ ఈ కథను చదివిన తరువాత, వెనుక ఎవరు పడిపోయినా సరే ముందుకు నడవడమే ధర్మం అనడానికి మాత్రం చరైవేతి అనే పదం సాక్ష్యం ఇవ్వదు.

నడకను తపస్సు అనడం సముచితమే. కానీ తపస్సుకు కూడా భేదాలున్నాయి. శాస్త్రవిహితం కాని ఘోరతపస్సును దంభాహంకారాలతో చేస్తూ దేహంలోని భూతగ్రామాన్ని, లోపలనున్న పరమాత్మను కూడా క్లేశపెట్టేవారిని గురించి భగవానుడు గీతలో పదునేడవ అధ్యాయంలో హెచ్చరించాడు. శ్రీశైలానికి దేహార్పణం కొత్త కాదు. స్వామి ఆలయంలోని వీరశిరోమండపాన్ని 1377లో అనవేమారెడ్డి కట్టించాడు. వీరశైవులైన వీరులు తమ అంగాలను, శిరస్సులను సైతం ఖండించుకుని అర్పించిన చోటు అది. ఉగాదికి కర్ణాటక, మహారాష్ట్రల నుండి వచ్చే భక్తులలో కొందరు నేటికీ కర్రకాళ్ళపై నిలబడి ఈ దారి నడుస్తారు. వారి భక్తిని చూసి తల వంచవలసిందే. భ్రమరాంబాదేవిని తమ ఇంటి ఆడపడుచుగా భావించి, చీర, పసుపు, కుంకుమ పట్టుకుని వందల కిలోమీటర్లు నడిచి వచ్చే ఆ జనాన్ని చూసినవాడెవడూ పాదయాత్ర వృథాశ్రమ అనలేడు. పుట్టింటివారు ఆడపిల్లను చూడడానికి వస్తున్నారు. దూరం లెక్కపెట్టరు.

కానీ వారిని చూసి, తాను ఒక్కరోజులో మొత్తం దారి నడిచానని చెప్పుకోవడానికి, ఎంతసేపటిలో చేరానో చేతిగడియారంలో చూసి పదిమందికి పంపడానికి పరుగెత్తే యువకులు ఇటీవల పెరుగుతున్నారు. ఇరుకుమెట్లపై ముసలివారిని తోసుకుంటూ పోతారు. వారికి శరీరదార్ఢ్యం ఉంది, సంతోషం. దాన్ని మాత్రం తపస్సు అనకూడదు. భీముని కొలను మెట్లపై ఆగి పక్కకు ఒదిగి ఒక వృద్ధురాలికి దారి ఇవ్వడంలో పోయేది రెండు నిమిషాలు.

యజుర్వేదంలోని శతరుద్రీయాన్ని నిత్యం అభిషేకంలో వింటున్న భక్తులు ఒక సంగతి గమనించే ఉంటారు. అందులో రుద్రుని నామాలలో సగానికి సగం ఒక అడవిదారి వర్ణనలా ఉంటాయి. కాలిబాటలో ఉన్నవాడు, కొండదారిలో ఉన్నవాడు, మడుగులో ఉన్నవాడు, బావిలో ఉన్నవాడు, ఎండలో ఉన్నవాడు అని ఏడవ అనువాకంలో. గులకరాతి నేలలో ఉన్నవాడు, దుమ్ములో ఉన్నవాడు, ఎండిన కట్టెలో ఉన్నవాడు, పచ్చని ఆకులో ఉన్నవాడు, రాలిపడిన ఆకుల గుట్టలో ఉన్నవాడు అని తొమ్మిదవ అనువాకంలో. మరొకచోట వేటగాళ్ళకు, వారి కుక్కలను నడిపేవారికి నమస్కారం. గర్భాలయంలో కూర్చుని ఈ అనువాకాలు చదివినప్పుడు అవి నామాలు. వెంకటాపురం నుండి కైలాసద్వారం వరకు నడిచినవాడికి అవి ఒకటొకటిగా కాలికి తగిలినవి. దామర్లకుంట దుమ్ము, మఠంబావి నీరు, భీముని కొలను రాయి. బస్సులో వచ్చినవాడికి స్వామి దర్శనం తక్కువ కాదు. శిఖరం చూసినంతమాత్రాన పునర్జన్మ లేదన్న పురాణవచనం వాహనాన్ని గురించి షరతు పెట్టలేదు. అయితే గర్భాలయం చేరకముందే స్వామిని ఇన్నిచోట్ల తొక్కుకుంటూ, ముట్టుకుంటూ, తాగుతూ రావడం నడిచినవాడి భాగ్యం. నడక ఎందుకు అనేవారికి చెప్పగల జవాబు ఇంతకన్నా లేదు. ఇంతకన్నా అక్కరలేదు కూడా.

వేటగాళ్ళు అన్నాం కనుక చెంచువారి మాట. వారు మల్లన్నను అల్లుడంటారు. స్వామి వేటకు వచ్చి తమ ఆడపిల్లను పెండ్లాడాడని వారి గాథ. ఆ లెక్కన ఈ దారి వారికి అల్లుడి ఇంటికి పోయే దారి. వేలాది అతిథులు సంవత్సరానికి రెండుసార్లు వారి ఇంటి ముందునుండి వెళుతున్నారు. ఆ అతిథులు వదిలి వెళుతున్నది ఏమిటి? నీళ్ళసీసాలు, పులిహోర పొట్లాల కవర్లు, ప్లాస్టిక్ గ్లాసులు. ఇది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. పర్వదినాలలో మాత్రమే మనుషులను అనుమతించే చోటు. రాలిన ఆకుల గుట్టలో ఉన్నవాడికి నమస్కారమని ఉదయం చదివి, మధ్యాహ్నం అదే గుట్టలో సీసా విసరడం ఏ రకపు రుద్రాధ్యయనం? పడిపోయిన ఆ రైతు ఇల్లాలిని మోసిన భుజాలలో ఒకటి చెంచువాడిది. అతనికి ఏ మొక్కూ లేదు. ఆ బృందం వారు ఆమె మొక్కు గురించి తర్కించుకుంటున్నవేళ అతను బరువు మోశాడు.

కైలాసద్వారం దాటి వచ్చినవారికి స్వామి సన్నిధికి ముందు తగిలే క్షేత్రం హటకేశ్వరం. దాని గాథ భక్తులకు తెలిసినదే. కేశప్ప అనే కుమ్మరి కుండలు చేసి బ్రతుకుతూ శ్రీశైలయాత్రికులకు అన్నం పెట్టేవాడు. గిట్టనివారు అతని కుండలు పగులగొట్టి, ఆవం పాడుచేశారు. అన్నం పెట్టడానికి దారిలేక అతను దుఃఖిస్తుండగా స్వామి కుండపెంకులో సువర్ణలింగంగా వెలిశాడని చెబుతారు. అటిక అంటే కుండపెంకు, హాటకం అంటే బంగారం. రెండింటిలో దేని నుండి ఆ పేరు వచ్చిందో పండితులు వాదించుకోవచ్చు. కేశప్ప మాత్రం యాత్ర చేయలేదు. దారిపక్కన కూర్చున్నాడు. ఈ మార్గంలో నడకకు గుర్తుగా వెలసిన గుడి కాదు అది, ఆగి ఉండి పెట్టినవాడికోసం వెలసినది. నడవలేకపోయామని కుమిలిపోయేవారు హటకేశ్వరం దగ్గర కొంచెంసేపు కూర్చోవడం మంచిది.

నడవదలచినవారు ముందే చేయవలసిన పని కూడా ఒకటి ఉంది. మొక్కుకునేటప్పుడే, నడుమ ఎవరైనా ఆగవలసి వస్తే ఎవరు తోడు ఆగాలో ఇంట్లోనే నిర్ణయించుకోవాలి. బృందంగా వెళ్ళేవారైతే అందరి ఎదుట దాన్ని పలకాలి. మధ్యాహ్నం వేళ భీముని కొలనులోకి దిగకుండా లెక్క చూసుకోవాలి. వృద్ధులు ఒక నెల ముందునుండి రోజూ నడక అలవాటు చేసుకోవాలి. చెప్పుల విషయంలో శాస్త్రం చెప్పిన తగ్గింపును అంగీకరించి, మధుమేహం ఉన్నవారు చెప్పులు వేసుకోవడమే మేలు. పాదం పుండుపడి వేలు తీయించుకోవలసి వస్తే ఆ పావువంతు ఫలం ఎవరికి?

ఆ రైతు సంగతి. మరుసటి సంవత్సరం ఉగాదికి ముందు అతను మళ్ళీ వెంకటాపురం వచ్చాడు. తాను మఠంబావి వరకు ఇదివరకే నడిచానని, అక్కడినుండి నడిస్తే చాలునని అతనికి ఎవరో చెప్పారు. అతను ఆ మాట వినలేదు, మొదటినుండే నడిచాడు. భార్య మోకాలు కుదురుకోలేదు. ఆమె బస్సులో ఒకరోజు ముందే శ్రీశైలం చేరి, అన్నదానం చేసేవారితో కలిసి కైలాసద్వారానికి వెళ్ళింది. ఎండలో మెట్లెక్కి వచ్చేవారికి మజ్జిగ పోసే పని పెట్టుకుంది. మధ్యాహ్నం దాటాక అతను పైకి వచ్చాడు. ఆమె గ్లాసు అతని చేతికి ఇచ్చి, తాగేవరకు కూడా చూడకుండా, వెనుకనే రొప్పుతూ వస్తున్న మరొక ముసలాయన వైపు తిరిగి చెంబు వంచింది.